వెలిసిన ప్రింటుకి నీలిమందు

పాత సినిమా ఫిల్మ్ డబ్బా మూత తీయగానే నేను ముందు వాసన చూస్తాను. వెనిగర్ వాసన గుప్పుమందంటే ఆ ఫిల్మ్ లోపల్నుంచి కుళ్ళుతున్నట్టు లెక్క. దాన్ని వేరే గదిలో పెట్టాలి, పక్క డబ్బాలకి కూడా తగిలిస్తుంది. ఈసారి ఆ వాసన లేదు. పాత ఇనప్పెట్టె వాసన, కాస్త మిషన్ నూనె వాసన, అంతే. హమ్మయ్య అనుకుని రెండు బారలు బయటికి లాగి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాను.

ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఒక సన్నటి అడ్డగీత ఉంటుంది. కొత్త ప్రింటులో అది కాటుకలా నల్లగా ఉండాలి. నా చేతిలో ఉన్నదానిలో అది అచ్చం రక్తచందనం చెక్క రంగులో ఉంది. ఇంక బొమ్మలు చూడక్కర్లేదు, కథ తెలిసిపోయింది. హీరో, హీరోయిన్, వెనకాల కొబ్బరిచెట్లు, చెట్ల వెనకాల ఆకాశం, అందరి మీదా పెళ్ళిలో వసంతం చల్లినట్టు ఉంది.

అమ్మినాయన ఫోన్‌లో పంపిన ఫోటోల్లో మాత్రం రంగులు బాగానే కనిపించాయి. ఆయన మోసం చేశాడని కూడా అనలేను. ఫోన్ కెమెరా ఎర్రదనం కనపడగానే దానంతటదే సర్దేస్తుంది కదా. ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే పక్కన ఒక తెల్లకాగితం పెట్టి ఫోటో తీయమని అడిగేవాణ్ణి. కాగితం ఆకుపచ్చగానో నీలంగానో వస్తే కెమెరా చేసిన గారడీ బయటపడేది. డబ్బులు కట్టేశాను, ప్రింటు వచ్చేసింది, ఇక చేసేదేముంది.

నేను తెనాలిలో మోటార్లు రీవైండింగ్ చేస్తాను. సినిమాలతో నాకున్న సంబంధమల్లా మా పెదనాన్న. ఆయన ముప్పయ్యేళ్ళకి పైగా సినిమాహాల్లో ఆపరేటరు. ప్రొజెక్టర్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాల్చిన కాలం నుంచి జీనాన్ ల్యాంపులు వచ్చేదాకా కేబిన్‌లోనే ఉన్నారు. మొన్న మాఘంలో ఆయనకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. హోమం, భోజనాలు అన్నీ అన్నయ్యలు చూసుకున్నారు. రాత్రికి ఇంట్లో సినిమా ఆడించడం నా వంతు. ప్రొజెక్టరు నా దగ్గర ఉంది, ఒక కాలేజీ పాత సామాన్లలో కొన్న 16 ఎంఎం మిషను. సినిమా కూడా ఆయన తన హాల్లో రెండుసార్లు ఆడించినదే, డెబ్బైల నాటిది. పేరు చెప్పను, ఈ కథకి దాంతో పని లేదు. పనున్నదల్లా ఎర్రదనంతోనే.

ఇది ఒక్క నా ప్రింటుకి పట్టిన తెగులు కాదు. రంగుల ఫిల్మ్‌లో మూడు పొరల్లో మూడు రంగులుంటాయి. పసుపు ఒకటి, మెజెంటా అనే గులాబీ ఒకటి, సయాన్ అనే నెమలికంఠం లాంటి రంగు ఒకటి. 1950లో కొడాక్ కంపెనీ వాళ్ళు ఈస్ట్‌మన్ కలర్ అనే ఫిల్మ్ తెచ్చిన దగ్గర్నుంచి మూడు దశాబ్దాల పాటు వచ్చిన ప్రింట్లలో సయాన్ బలహీనుడు. చీకట్లో, డబ్బాలో, ఎవరూ ముట్టుకోకపోయినా మెల్లగా చచ్చిపోతాడు. వేడి తగిలిన కొద్దీ ఇంకా తొందరగా. మన రోహిణి ఎండల్లో రేకుల షెడ్డులో పడి ఉన్న ప్రింటు సంగతి ఊహించుకోండి. పసుపు కూడా కొంత పోతుంది. మెజెంటా మాత్రం మొండిఘటం, అలాగే ఉంటుంది. మిగిలేది అదే కాబట్టి సినిమా మొత్తం దాని రంగులోకి మారిపోతుంది. 1980లో అమెరికాలో మార్టిన్ స్కోర్సేసీ అనే దర్శకుడు ఈ గొడవ మీదే తోటి సినిమావాళ్ళని కూడగట్టి కొడాక్ మీద ఒత్తిడి తెచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి తక్కువగా వెలిసే ప్రింటు ఫిల్మ్ వచ్చింది. నా ప్రింటు అంతకు ముందుది.

విచిత్రమేమిటంటే పాత టెక్నికలర్ పద్ధతిలో రంగు అద్ది తీసిన ప్రింట్లు అంతకంటే ముసలివైనా ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి. అది కలంకారీ అద్దకం లాంటి పని, రంగుని విడిగా తయారుచేసి ఫిల్మ్ మీద అద్దుతారు. ఈస్ట్‌మన్ చవక, తొందరగా అయ్యే పని, అందుకని అదే గెలిచింది. పోస్టరు మీద హీరో పేరంత పెద్దక్షరాల్లో ‘ఈస్ట్‌మన్ కలర్’ అని వేసుకున్న సినిమాలే ఇప్పుడు ఎర్రగా మిగిలాయి.

సరే, పోయిన సయాన్‌ని ఫిల్మ్‌లోకి తిరిగి తేలేం. ఫిల్మ్ మీద ఏదో పూస్తే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మనం చేయగలిగింది ఒక్కటే. తెర మీదికి పోతున్న వెలుగులో అదనంగా ఉన్న ఎరుపుని మధ్యలో ఆపడం. లెన్సు ముందు సయాన్ రంగు ఫిల్టరు పెడితే అది ఎరుపుని కొంత మింగేస్తుంది. వినడానికి ఇంత సులువు. నాకు మూడు వారాలు పట్టింది.

మొదట గిఫ్టులకి చుట్టే రంగు కాగితం తెచ్చాను, పది రూపాయలు. దాన్ని లెన్సు ముందు పెడితే ఎరుపు తగ్గింది కానీ బొమ్మ మొత్తం కళ్ళలో నీళ్ళు తిరిగినప్పుడు కనిపించినట్టు చెదిరిపోయింది. ముడతలు పడిన కాగితంలోంచి బొమ్మ పంపితే అంతే మరి. అప్పుడొక తెలివైన ఆలోచన వచ్చింది. లెన్సు ముందు కాకుండా బల్బుకీ ఫిల్మ్‌కీ మధ్య పెడితే? అక్కడ బొమ్మ ఉండదు, ఉత్త వెలుగే కాబట్టి ముడతలున్నా ఫరవాలేదు కదా. నిజమే, ఫరవాలేదు. కానీ అక్కడ 250 వాట్ల హాలోజన్ బల్బుంది. నిమిషం తిరక్కుండానే కాగితం కుంచించుకుపోయి, గోధుమరంగు తిరిగి, ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది. లోపలి అద్దానికి అంటుకున్న మరకని స్పిరిట్‌తో గోకి తీయడానికి ఒక ఆదివారం పోయింది. అక్కడ పెట్టాలంటే వేడికి తట్టుకునే పూతగాజు ఫిల్టరు కావాలి, దాన్ని డైక్రోయిక్ అంటారు. అది నా దగ్గర లేదు.

ఆ తర్వాత హైదరాబాదులో పనిబడి వెళ్ళినప్పుడు కృష్ణానగర్‌లో షూటింగులకి లైట్లు అద్దెకిచ్చే ఒకతని దగ్గరికి వెళ్ళాను. మన నాటకాలవాళ్ళు జిలెటిన్ కాగితాలంటారే, వాటి అన్నదమ్ములే ఇవి కూడా. ఫుల్ బ్లూ, హాఫ్ బ్లూ, క్వార్టర్ బ్లూ అని అమ్ముతారు, పచ్చదనం కలపడానికి ప్లస్ గ్రీన్ అని ఇంకోటి. ముక్కలుగా మిగిలినవి నాకు ఊరికే ఇచ్చేశాడు. ‘దేనికండీ’ అని అడిగాడు. ‘పాత సినిమాకి ఎరుపు దించడానికి’ అన్నాను. ‘డీఐలో చేయించెయ్యచ్చు కదా’ అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. డీఐ అంటే కంప్యూటర్లో రంగులు సరిచేయడం. ప్రింటుని స్కాన్ చేసి అందులో పెడితే ఒక్కో రంగుని విడివిడిగా లాగి పెంచొచ్చు, ఫిల్టరు ఎప్పటికీ చేయలేని పని అది. కానీ పెదనాన్నకి నేను చూపించాలనుకున్నది సినిమా ఒక్కటే కాదు, మిషన్ తిరగడం కూడా.

ఫిల్టర్లు తయారుచేసే పెద్ద కంపెనీలవి సీసీ అని నంబర్లతో ఉంటాయి. సీసీ 30 సయాన్ అంటే ఎర్ర వెలుగులో సగం మింగేస్తుందని అర్థం, సీసీ 50 అయితే మూడింట రెండు వంతులు. ఒకదాని మీద ఒకటి పెడితే నంబర్లు కూడుకోవడమే. అసలు అవే వాడాలి, నలగని ఫిల్టరులోంచి బొమ్మ కాస్త కూడా చెదరదు. లైట్లవాళ్ళ కాగితం అంత శుభ్రంగా ఉండదు. కానీ 16 ఎంఎంలో, గోడ మీద, ఆరేడు అడుగుల బొమ్మకి ఆ తేడా నా కంటికి ఆనలేదు. మడత లేని ముక్క ఏరుకుని, రెండు అట్టల మధ్య బిగించి, లెన్సుకి అంగుళం దూరంలో తీగతో నిలబెట్టాను.

ఇక్కడే అసలు పేచీ మొదలైంది. సినిమాలో ఒక సన్నివేశం ఉంది. అరుగు మీద తాతగారు తెల్లపంచె కట్టుకుని కూర్చుని ఉంటారు, మనవరాలు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఫిల్టరు లేకుండా చూస్తే పంచె ఇంచుమించు తెల్లగానే ఉంది. తాతగారి ముఖం మాత్రం మిరపకాయ బజ్జీ తిన్నవాడిలా ఉంది, అరుగు కింద నీడ కుంకుమ ఆరబోసినట్టుంది. ఎందుకంటే తెలుపంటే ఫిల్మ్ మీద రంగు దాదాపు లేని చోటు. రంగే లేని చోట వెలిసిపోవడానికేముంటుంది? రంగు దట్టంగా ఉండాల్సిన నీడల్లోనే నష్టమంతా. కానీ ఫిల్టరుకి ఈ విచక్షణ లేదు. పంచెలోంచి, ముఖంలోంచి, నీడలోంచి ఒకే లెక్కన ఎరుపు కోస్తుంది. నీడ నల్లబడేదాకా ఫిల్టర్లు పేర్చుకుంటూ పోతే పంచె సముద్రం రంగుకొస్తుంది. పంచె తెల్లగా ఉండాలంటే ఫిల్టరే ఉండకూడదు.

నేను మొదట నీడల వెంట పడ్డాను. నలుపు నల్లగా ఉంటే మిగతావి సర్దుకుంటాయనుకున్నాను. ఫుల్ బ్లూ, దాని మీద హాఫ్ బ్లూ, దాని మీద ప్లస్ గ్రీన్. నీడ ఇటిక రంగు నుంచి బెల్లం రంగుకి దిగింది, అంతే. తాతగారు మాత్రం కామెర్లు వచ్చి తగ్గినవాడిలా తయారయ్యారు. వెలుగైతే చెప్పక్కర్లేదు. ఫుల్ బ్లూ ఒక్కటే వెలుగులో మూడో వంతుని మాత్రం పోనిస్తుంది. మూడూ కలిపేసరికి తెర మీద వెన్నెల మిగిలింది.

మర్నాడు పెదనాన్నకి ఫోన్ చేశాను, సినిమా సంగతి చెప్పకుండా మామూలుగా అడిగినట్టు. ‘మీ రోజుల్లో ప్రింటు ఎర్రగా వస్తే ఏం చేసేవాళ్ళు పెదనాన్నా?’

‘ఏం చేస్తాం రా, ఆడించేవాళ్ళం. విజయవాడ గాంధీనగర్ నుంచి బాక్సులొచ్చేవి, వచ్చినదాన్ని ఎక్కించడమే. పాత సినిమా అంటే ఎర్రగానే ఉంటుందనుకునేవాళ్ళు జనం. మార్నింగ్ షోకి వచ్చేవాడు రంగులు చూట్టానికొస్తాడా?’

‘కార్బన్ సరిచేస్తే తగ్గేది కాదా?’

‘కార్బన్ల మధ్య ఎడం తప్పితే తెర రంగు మారుద్ది, నిజమే. ఎప్పుడూ దాన్నే చూసుకుంటుండేవాళ్ళం. కానీ దాంతో ప్రింటు బాగుపడదు. అయినా నువ్వు తెర చూడకు, మొహాలు చూడు. మొహం బాగుంటే జనం ఈల వెయ్యరు. ఎప్పుడైనా జనం అరిచింది మొహం పాడైనప్పుడే.’

ఆ ఒక్క మాటతో నా లెక్క మారింది. నీడల్ని వదిలేశాను. మనవరాలి చెంప ఒక్కటే చూస్తూ ఫిల్టర్లు మార్చాను. క్వార్టర్ బ్లూ చాల్లేదు. హాఫ్ బ్లూ దగ్గరికొచ్చింది కానీ చెంపలో ఇంకా గులాబీ ఉంది. పసుపు కూడా కొంత పోయిన ప్రింటు కదా, దానికి నీలం ఒక్కటే కాదు, కాస్త ఆకుపచ్చ కూడా కావాలి. హాఫ్ బ్లూ మీద ప్లస్ గ్రీన్‌లో తేలికరకం ఒక పొర వేసేసరికి చెంప మనిషి చెంపలా కనిపించింది. ఇంట్లో ఆడవాళ్ళని పిలిచి చూపించాను, నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది అప్పటికి. గంటసేపు ఎరుపు చూసిన కంటికి ఏది పెట్టినా బాగానే ఉంటుంది. మా ఆవిడ ‘బాగుంది కానీ పంచె నీలంగా ఉందేంటి’ అంది. వాళ్ళమ్మగారు వెంటనే, ‘నీలిమందు పెట్టారేమోలేవే’ అన్నారు.

ఆవిడ వేళాకోళానికి అన్నారో నిజంగా అన్నారో తెలీదు కానీ నాకు మాత్రం దీపం వెలిగింది. మనవాళ్ళకి తెల్లబట్టంటే ఉత్త తెలుపు కాదు, జాడించిన తర్వాత నీలిమందు నీళ్ళలో ఒక ముంచు ముంచి తీసిన తెలుపు. తెల్ల పంచె కాస్త నీలంగా కనిపిస్తే మన కన్ను తప్పుపట్టదు, ఉతికారనుకుంటుంది. అదే పంచె పసుపుగానో ఎర్రగానో ఉంటే మాసిందనుకుంటుంది. అందుకని పంచెలో కనిపించే నీలం గురించి బెంగపడటం మానేశాను. ఆకుపచ్చ మాత్రం రానివ్వకూడదు. ప్లస్ గ్రీన్ ఒక పొర దాటితే పంచె పాచిపట్టినట్టుంటుంది.

ఫిల్టరు కంటే ముందు చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి, నేను వెనకా ముందూ చేశాను. నా మిషన్లో బల్బుకి రెండు స్థాయిలుంటాయి. బల్బు ఎక్కువ రోజులు రావాలని తక్కువలో పెట్టుకోవడం నాకలవాటు. తక్కువలో ఫిలమెంటు వేడి తగ్గి వెలుగు పసుపూ ఎరుపూ వైపుకి దిగుతుంది. అసలే ఎర్రటి ప్రింటు, దానికి ఎర్రటి దీపం. హాలోజన్ ఎంత బాగా వెలిగినా హాల్లోని జీనాన్ ముందు పసుపుగానే ఉంటుంది. జీనాన్ పగటి వెలుగు లాంటిది. అందుకే అదే ఎర్ర ప్రింటు నా మిషన్లో హాల్లో కన్నా ఇంకా ఎర్రగా కనిపిస్తుంది.

రెండోది కరెంటు. నా వృత్తే అది కాబట్టి ఇది ముందే తట్టాల్సింది. వోల్టేజి పది శాతం తగ్గితే ఇలాంటి బల్బు వెలుగు ఇంచుమించు ముప్పై శాతం పడిపోతుంది, మిగిలిన వెలుగు ఇంకా ఎర్రబడుతుంది. మా ఊళ్ళో సాయంత్రం మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే 230 ఉండాల్సింది 190కి వచ్చిన రోజులున్నాయి. అంటే షాపులో ఎంచిన ఫిల్టరు ఊళ్ళో తక్కువైపోతుంది. షాపులో మా పని కోసం ఉన్న స్టెబిలైజర్ని ఆటోలో వేసుకుపోయాను. దానికి ప్రొజెక్టరు కన్నా బరువెక్కువ.

పోయిన వెలుగుని తిరిగి సంపాదించడానికి ఒక్కటే మార్గం, బొమ్మ చిన్నది చేయడం. పది అడుగుల వెడల్పు బొమ్మని ఏడడుగులకి తగ్గిస్తే అదే వెలుగు సగం జాగాలో పడుతుంది కాబట్టి కాంతి రెట్టింపవుతుంది. నా ఫిల్టర్లు సగానికి పైగా తిన్నాయి, ఏడడుగుల బొమ్మతో లెక్క ఇంచుమించు సరిపోయింది. మా అన్నయ్య కొడుకు ‘అంత చిన్నదా’ అని మొహం ముడిచాడు. వాడికి ఇంట్లో టీవీయే నాలుగడుగులుంటుంది.

మధ్యలో చేసిన ఒక పిచ్చిపని కూడా చెప్పాలి. నీడలు ఎర్రగా ఉన్నాయి కదా, నీడల మీదికి విడిగా కాస్త నీలం పచ్చ కలిసిన వెలుగు పోస్తే ఎరుపు విరిగి బూడిదరంగు అవుతుంది కదా అని ఊహించాను. పెళ్ళిళ్ళకి వాడే ఎల్‌ఈడీ పార్ లైటు ఒకటి తెచ్చి, రంగు సరిచేసి, బాగా తగ్గించి తెర మీద వేశాను. నిజంగానే నీడలో ఎరుపు పోయింది. దాంతోపాటు నీడ కూడా పోయింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచులో నిలబడి సినిమా చూస్తున్నట్టుంది. లైటు తీసుకెళ్ళి ఇచ్చేశాను.

వెలిసిన రంగుల్లో దేనికి ఎంత నష్టమో చూస్తూంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఎర్రచీర ఇప్పటికీ ఎర్రచీరే, దానికి సయాన్‌తో పెద్దగా పని లేదు. ఆకుపచ్చకి పసుపూ సయానూ రెండూ కావాలి, రెండూ దెబ్బతిన్నాయి కాబట్టి వరిచేలు ఎండుగడ్డి రంగుకొచ్చాయి. ఆకాశం ఉతికి ఉతికి పోయిన గులాబీ రంగు తువ్వాలులా ఉంది. ఫిల్టరు పెట్టాక చేలో ఆకుపచ్చ ఏమీ పుట్టుకురాలేదు. కానీ ఎరుపు తగ్గేసరికి అక్కడ ఒకలాంటి బూడిదరంగు మిగిలింది, దాన్ని చూసి మనసే ‘ఇది వరి కదా’ అని పచ్చరంగు వేసుకుంటుంది. ఆకాశం కూడా అంతే. మనకి రంగు తెలిసిన వస్తువుల్లో ఈ కిటుకు పనిచేస్తుంది. తెలియనివాటిలో పనిచేయదు.

ఊళ్ళో హాలు గోడ చూశాక నా లెక్క మళ్ళీ మారింది. ఫంక్షన్‌కని వదిన గోడలకి సున్నం వేయించింది, పాత పద్ధతిలో నీలిమందు కలిపి. షాపులో నేను పరీక్ష చేసింది ఫ్లెక్సీ బ్యానర్ వెనకవైపు. నేను తెచ్చిన జత ఈ గోడ మీద వేస్తే చెంప కాస్త పాలిపోయింది. గోడే ఒక ఫిల్టరన్నమాట. హాఫ్ బ్లూ తీసి క్వార్టర్ బ్లూ పెట్టాను, పచ్చ పొర అలాగే ఉంచాను. సరిగ్గా కూర్చుంది, పైగా వెలుగు పెరిగింది.

ఇంకోటి, వీధిలైటు. కొత్తగా వేసిన తెల్లటి ఎల్‌ఈడీ, సరిగ్గా కిటికీకెదురుగా. కంటికి పక్కన నిఖార్సైన తెలుపు కనిపిస్తూ ఉంటే తెర మీద ఎరుపు దాక్కోలేదు. అదే గది పూర్తిగా చీకటైతే కన్ను కాసేపట్లోనే తెర మీదున్నదాన్నే తెలుపని ఒప్పేసుకుంటుంది. కిటికీకి రెండు దుప్పట్లు కట్టాం. టైటిల్స్ నుంచే ఫిల్టరు ఉండాలి. ముందు ఎర్రగా చూపించి తర్వాత ఫిల్టరు దింపితే అందరికీ మార్పే కనిపిస్తుంది, సినిమా కనిపించదు.

అలాగే సన్నివేశానికొకటి మార్చాలని చూడకండి. షాపులో నేనలా ప్రయత్నించాను, రాత్రి సీనుకి ఒకటి, పగటి సీనుకి ఒకటి. మారిన ప్రతిసారీ చూసేవాళ్ళ తలలు నా వైపు తిరిగాయి. మార్చాలంటే రీలు మారినప్పుడే. మార్చక తప్పదు కూడా. 16 ఎంఎంలో 1600 అడుగుల స్పూలు ఒకటి 44 నిమిషాలు నడుస్తుంది. నా సినిమా నాలుగు స్పూళ్ళు, నాలుగూ ఒకేలా వెలవలేదు. మూడోది మిగతావాటికన్నా చాలా నయం. వేరే బ్యాచి ఫిల్మ్ మీద తీసి ఉంటారు, లేకపోతే అరిగిపోయిన రీలు బదులు తర్వాత తెప్పించినదై ఉంటుంది. దానికి పచ్చ పొర ఒక్కటే సరిపోయింది.

సినిమా మొదలయ్యాక పెదనాన్న కుర్చీలో కూర్చోలేదు. మిషన్ పక్కన ముక్కాలిపీట వేయించుకుని, తెర వైపు వీపు పెట్టి కూర్చున్నారు. చెయ్యి మిషన్ మీద వేసి, ఫిల్మ్ దిగే గేటు చప్పుడు వింటూ ఉన్నారు. కాసేపటికి తల తిప్పి లెన్సు ముందు నిలబెట్టిన అట్టముక్కని చూసి, ‘ఇదేంట్రా?’ అన్నారు. చెప్పాను. లేచి, ముక్కుకి దగ్గరగా వంగి, దాని అంచు పట్టుకుని ఒకసారి పైకి లేపారు. గోడ మొత్తం ఎర్రబడింది. ‘ఒరేయ్ కరెంటేమైందిరా’ అని వెనకనుంచి ఎవరో అరిచారు. మళ్ళీ దింపారు. ‘నీలిమందే’ అన్నారు. నేను అత్తగారి మాట ఆయనకి చెప్పలేదు, ఆయనంతట ఆయనే అన్నారు.

ఒకచోట గోడ మీద నిలువునా ఒక గీత పరిగెత్తింది. ‘ఆకుపచ్చగా ఉంటే పైపొర గీసుకుందన్నట్టు, పసుపైతే రెండోది కూడా, తెల్లగా ఉంటే పూర్తిగా దిగిందన్నట్టు’ అన్నారు. రంగు ప్రింటులో పైపొర మెజెంటా కాబట్టి అది పోతే పచ్చ కనపడుతుంది, లెక్క ప్రకారం సరే. కానీ ఈ ప్రింటులో కింద పొరలే వెలిసిపోయాయి కాబట్టి పైపొర గీసుకున్నా గీత తెల్లగానే ఉంది. ‘ఇంక గీతని బట్టి కూడా చెప్పలేంరా’ అని కూర్చున్నారు.

నాలుగో స్పూల్లో పాట వచ్చింది. హీరోయిన్ చెరువుగట్టు మీద నడుస్తూ ఉంటుంది, ఒంటి మీద జరీ అంచు చీర. తెర మీద ఆ చీర ఏ రంగో చెప్పలేం, నీళ్ళలో నానిన పుల్లట్టు రంగులో ఉంది. వరిచేలంటే మనసు పచ్చరంగు వేసుకుంటుంది, చీరకి ఏం వేసుకుంటుంది? మా పిన్ని కూతురు అడిగింది, ‘ఇది ఏ రంగు చీర పెద్దమ్మా’ అని.

‘చిలకపచ్చ’ అంది పెద్దమ్మ, చీకట్లోంచి. ‘ఆ సినిమా చూసొచ్చాకే నేను అలాంటిది కొనిపించుకున్నా.’

‘చిలకపచ్చ కాదు, నెమలికంఠం’ అన్నారు పెదనాన్న తెర వైపు చూడకుండానే. ‘రోజుకి నాలుగాటలు, పదమూడు రోజులు చూశాను నేను.’

‘మీరు చూసింది కన్నంలోంచి. నేను బాల్కనీలోంచి చూశాను.’

‘కొన్నది నెమలికంఠమే. మీ తమ్ముడి పెళ్ళికి కట్టుకున్నావు.’

‘అది వేరే చీర.’

ఇద్దరూ నా వైపు చూశారు, మిషన్ నాది కాబట్టి నాకు తెలిసి ఉంటుందన్నట్టు. నేను ఫిల్టర్లు రెండూ తీసి చూపించాను, ఒక్కొక్కటీ పెట్టి చూపించాను. గులాబీ, బూడిద, నీలం కలిసిన బూడిద. పాట అయిపోయింది. పెద్దమ్మ లేచి లోపల ట్రంకు పెట్టె తీయించే పనిలో పడింది, రాత్రి పదకొండున్నరకి. పెదనాన్న స్పూలు చివరికి వస్తోందని నా భుజం తట్టి, ‘బల్బు కట్టు ముందు, తోక కొట్టుకుంటుంది’ అన్నారు.